అందరినీ ఆపకుండా ఒక్కరే ఆగడం ఎలా?

నాన్నగారి బదిలీలతో ఇప్పటికి నాలుగు ఊళ్లు తిరిగాను. రెండేళ్ల క్రితం సూరత్ వచ్చాం. మాది విజయనగరం వైపు. ఇక్కడ ఇంటి బయట తెలుగు వినపడదనుకున్నాను. పాండేసరలో దిగిన మూడో రోజే కిరాణా కొట్టు దగ్గర ఒకావిడ కూతురితో "ఉప్పు మర్చిపోకు బిడ్డా" అనడం విని ఆగిపోయాను. సిరిసిల్ల, కరీంనగర్, వరంగల్, నల్లగొండ వైపుల నుంచి వచ్చిన నేత కుటుంబాలు సూరత్‌లో చాలా ఏళ్లుగా ఉన్నాయని తర్వాత తెలిసింది. పాండేసర పారిశ్రామికవాడలో బట్టకు రంగులు వేసే మిల్లులు ఉన్నాయి. చుట్టుపక్కల మరమగ్గాల షెడ్లు ఉన్నాయి. మరమగ్గాన్ని సిరిసిల్ల వాళ్లు సాంచె అంటారు. సాంచెలు నడిచే షెడ్డును ఇక్కడ ఖాతా అంటారు.

మా కింది వాటాలో ఉండే బాబాయి (చుట్టరికం ఏమీ లేదు, నేనలా పిలుస్తాను) ఒక ఖాతాలో ఎనిమిది సాంచెలు చూస్తాడు. పన్నెండు గంటల పని. పిన్ని ఒక మిల్లులో బట్ట మడత పెట్టే పనికి వెళ్తుంది. పోయిన శీతాకాలంలో వాళ్ల అవ్వకు కంట్లో శుక్లం తీశారు. డాక్టరు మూడు రకాల చుక్కల మందులు రాశారు. ఒకటి గంటకోసారి, ఇంకొకటి నాలుగు గంటలకోసారి, మూడోది ఆరు గంటలకోసారి. రెండు మందుల వేళ కలిస్తే మధ్యలో పది నిమిషాల ఎడం ఉండాలి. అవ్వ చుక్కలు తనే వేసుకోగలదు కానీ గడియారం కనపడదు, చదువు రాదు. బాబాయి సీసాలకు ఎరుపు, నీలం, ఆకుపచ్చ దారాలు చుట్టాడు.

"నువ్వు కంప్యూటర్ సదువుతున్నవు గద బిడ్డా, యాళ్లకు చెప్పేటట్టు ఏమన్న పెట్టరాదు?" అని అడిగాడు.

ఫోన్లో అలారం పెడితే చాలదా అంటారేమో. ఆ ఇంట్లో ఉన్న ఒక్క ఫోను బాబాయితో ఖాతాకు వెళ్తుంది. అందుకని మా పాత లాప్‌టాప్ వాళ్లింట్లో పెట్టాం. "అవ్వా, ఎర్ర దారం సీసా" అని నా గొంతే రికార్డు చేసి, పైథాన్‌లో ప్రోగ్రాం రాశాను. పన్నెండో తరగతిలో మనం పైథానే చదువుతాం కాబట్టి అరగంట పని అనుకున్నాను. నెల రోజులు పట్టింది. ఎందుకు పట్టిందో చెప్పడానికే ఈ వ్యాసం.

మొదటి ప్రోగ్రాం ఇలా ఉండేది: గంట ఆగు, ఎర్ర సీసా అను, నాలుగు గంటలు ఆగు, నీలం సీసా అను, ఆరు గంటలు ఆగు, ఆకుపచ్చ సీసా అను, మళ్లీ మొదటికి రా. ఆగడానికి 'టైమ్.స్లీప్' వాడాను. ఉదయం తొమ్మిదికి మొదలుపెడితే పదికి ఎర్ర సీసా పలికింది. అవ్వ సంతోషించింది. పదకొండుకు ఏమీ పలకలేదు. నా ప్రోగ్రాం అప్పటికే నీలం సీసా కోసం నాలుగు గంటల నిద్రలో ఉంది. ఒక సీసా కోసం ఆగితే మిగతా రెండూ ఆగిపోయాయి.

స్లీప్ అంటే ఏమిటో ఇక్కడ చూడాలి. మన ప్రోగ్రాం నడిచే దారిని థ్రెడ్ అంటారు. స్లీప్ అనగానే ఆ థ్రెడ్ ఆపరేటింగ్ సిస్టమ్‌తో "నన్ను పక్కన పెట్టు, ఇంతసేపయ్యాక లేపు" అంటుంది. కంప్యూటర్ మిగతా పనులు చేసుకుంటూనే ఉంటుంది. కానీ నా ప్రోగ్రాంకు ఉన్నది ఒక్కటే థ్రెడ్. అది పడుకుంటే ప్రోగ్రాం మొత్తం పడుకున్నట్టే.

అయితే మూడు థ్రెడ్లు పెట్టేస్తే సరి కదా? పెట్టాను, పనిచేసింది. మూడు సీసాలకు మూడు థ్రెడ్లు పెద్ద భారం కాదు. కానీ లక్ష మంది వాడే చాట్ సర్వర్‌ను ఊహించండి. ఒక్కొక్కరి కోసం "ముప్పై సెకన్లలో జవాబు రాకపోతే లైను కట్ చెయ్యి" అని ఆగాలి. లినక్స్ సాధారణంగా ఒక్కో థ్రెడ్ స్టాక్ కోసం 8 మెగాబైట్ల చోటు దాని పేరున రాసిపెడుతుంది. నిజంగా వాడినంతే ఖర్చవుతుంది, అది వేరే సంగతి. అయినా లక్ష థ్రెడ్లను పుట్టించి, ఒకదాని తర్వాత ఒకదాన్ని మార్చుతూ నడపడం పెద్ద పనే. నా చిన్న ప్రోగ్రాంలోనూ ఒక చిక్కు వచ్చింది. నీలం థ్రెడ్‌కు ఎర్ర థ్రెడ్ సంగతి తెలియదు. మధ్యాహ్నం ఒంటిగంటకు రెండూ ఒకేసారి పలికాయి. పది నిమిషాల ఎడం ఎవరు చూడాలి?

ఆ రోజుల్లోనే ఒకసారి బాబాయికి టిఫిన్ డబ్బా ఇవ్వడానికి ఖాతాకు వెళ్లాను. లోపల చప్పుడుకు మన మాట మనకే వినపడదు. నాడె అటూ ఇటూ పరుగెత్తుతుంటుంది. అందులో కండె మీది పేక దారం అయిపోగానే కొత్త కండె పెట్టాలి. ఎనిమిది సాంచెలకు బాబాయి ఒక్కడే. కానీ ఆయన ఏ సాంచె ముందూ నిలబడి "ఈ కండె ఎప్పుడు అయిపోతుందా" అని చూడడం లేదు. ముందుగా ఏది అయిపోతుందో ఆ సాంచె దగ్గరికి సరిగ్గా ఆ సమయానికి వెళ్తున్నాడు. ఎలా తెలుస్తుందని బయటికొచ్చాక అడిగాను. "ఏది ముందుగాల అయిపోతదో గదొక్కటే యాదికుంచుకోవాలె. దాని ఎనుకది తర్వాత సూసుకుంటం" అన్నాడు.

పైథాన్‌లో అసింకియో అనే భాగం చేసేది సరిగ్గా ఇదే. అది 2014లో పైథాన్ 3.4తో వచ్చింది. మరుసటి ఏడాది 3.5తో 'అసింక్', 'అవెయిట్' అనే మాటలు భాషలోనే చేరాయి. అందులో ఒక్క థ్రెడ్ ఉంటుంది. అది తిరిగే చక్రాన్ని ఈవెంట్ లూప్ అంటారు. మన పనులను టాస్కులు అంటారు. ఒక టాస్కు "3,600 సెకన్లు అవెయిట్ స్లీప్" అన్నప్పుడు థ్రెడ్ పడుకోదు. లూప్ తన గడియారం చూసి, ఇప్పటి సమయానికి 3,600 కలిపి, "ఫలానా వేళకు ఈ టాస్కును లేపాలి" అని చీటీ రాసుకుంటుంది. టాస్కును ఆగిన చోటే వదిలేసి ఇంకో టాస్కు పని చూస్తుంది. "ఎంతసేపు" అని కాకుండా "ఎప్పుడు" అని రాసుకోవడం ముఖ్యం. ఎంతసేపు అని రాసుకుంటే ప్రతి క్షణం అన్ని చీటీల్లోనూ అంకెలు తగ్గించుకుంటూ పోవాలి. ఎప్పుడు అని రాసుకుంటే చీటీ మారదు, గడియారమే దాని దగ్గరికి వస్తుంది.

చేయడానికి పనేమీ మిగలనప్పుడు లూప్ అన్నిటికన్నా ముందున్న చీటీ చూస్తుంది. దానికింకా నలభై నిమిషాలుంటే, ఆపరేటింగ్ సిస్టమ్‌తో "నలభై నిమిషాలయ్యాక గానీ, నెట్‌వర్క్‌లో ఎవరైనా వచ్చినప్పుడు గానీ, ఏది ముందైతే అప్పుడు లేపు" అంటుంది. లినక్స్‌లో ఈ మాట చెప్పే పిలుపు పేరు ఈపోల్. లేచాక వేళ దాటిన చీటీలన్నీ తీసి, ఆ టాస్కులను సిద్ధంగా ఉన్నవాళ్ల వరుసలో నిలబెట్టి, ఒక్కొక్కదాన్నీ నడుపుతుంది. ఎన్ని వేల టాస్కులు ఆగి ఉన్నా, నిజంగా పడుకునేది ఒక్క థ్రెడ్డే. అదీ అందరికన్నా ముందు లేవాల్సినవాడి వేళ వరకే.

అంటే లూప్‌కు కావలసింది ఒక్కటే: అన్నిటికన్నా ముందున్న చీటీ చప్పున దొరకాలి. లిస్టును ఎప్పుడూ వరుస క్రమంలో ఉంచితే దొరుకుతుంది కానీ, లక్ష చీటీల మధ్యలో కొత్తది దూర్చాలంటే యాభై వేల చీటీలు జరపాల్సి రావచ్చు. దీనికి హీప్ అనే అమరిక వాడతారు. 1964లో విలియమ్స్ అనే ఆయన దీన్ని ప్రచురించారు. మన సిలబస్‌లో స్టాకు లాగే హీప్‌ను కూడా మామూలు లిస్టులో పెట్టొచ్చు. ఒక నియమం: లిస్టులో 'ఐ' స్థానంలో ఉన్నవాడికి 2ఐ+1, 2ఐ+2 స్థానాల్లో ఇద్దరు పిల్లలు. తల్లి వేళ పిల్లల వేళ కన్నా తర్వాతది కాకూడదు. అంతే, మిగతా వరుస ఎలా ఉన్నా ఫర్వాలేదు.

కాగితం మీద చేసి చూడండి. అవ్వ చీటీలు 10, 13, 15 గంటలవి. ఇప్పుడు 11 గంటల చీటీ వచ్చింది. చివర, అంటే 3వ స్థానంలో పెట్టండి. దాని తల్లి 1వ స్థానంలో ఉన్న 13. పదకొండు ముందుది కాబట్టి రెండూ చోట్లు మార్చుకుంటాయి. ఇప్పుడు దాని తల్లి 0వ స్థానంలో ఉన్న 10. అది ఇంకా ముందుది, ఆగండి. లిస్టు 10, 11, 15, 13 అయింది. వరుసలో లేదు, అయినా ముందు రావాల్సింది ముందే ఉంది. ఒక్కో మెట్టుకు పిల్లలు రెట్టింపవుతారు కనుక లక్ష చీటీలున్నా ఎక్కాల్సిన మెట్లు పదిహేడు లోపే.

సరే, అసింకియోకు మార్చాను. మూడు టాస్కులూ ఒకే థ్రెడ్‌లో ఉన్నాయి కాబట్టి పది నిమిషాల ఎడం సులువైంది. మాట్లాడే ముందు ప్రతి టాస్కూ "ఆఖరి చుక్క ఎప్పుడు పడింది" అని ఒకే చోట చూసుకుంటుంది. కానీ ఒకచోట అలవాటు కొద్దీ పాత టైమ్.స్లీప్ మిగిలిపోయింది. అసింకియో లోపల దాన్ని వాడితే లూపే పడుకుంటుంది. బాబాయి ఒక సాంచె దగ్గరే కునుకు తీసినట్టు. అసింకియోలో ఒక టాస్కు తానై వదిలితేనే ఇంకొకటి నడుస్తుంది. ఎవరైనా మొండికేస్తే అడ్డుకునేవాడు లేడు. అందుకే ఏ రన్‌టైమ్ అయినా స్లీప్ గురించి ఇచ్చే మాట "కనీసం ఇంతసేపు" అన్నదే. "సరిగ్గా ఇంతసేపు" అని ఏదీ మాటివ్వదు. ఎర్లాంగ్ అనే భాషలో ఒక్కో ప్రాసెస్‌కు ఇంత పని అని కోటా ఉంటుంది, అది కాగానే రన్‌టైమే పక్కకు తప్పిస్తుంది. గో భాషలో కూడా 2020లో వచ్చిన 1.14 నుంచి మొండి పనులను మధ్యలో ఆపగలరు. అలాంటి చోట్ల ఆలస్యం తగ్గుతుంది, పూర్తిగా పోదు.

వారం రోజులయ్యాక అవ్వ ఒక మాటంది: "పొద్దుగాల పదింటికి మొదలైతది, పొద్దు గూకేసరికి జరుగుతున్నది బిడ్డా." నిజమే. నా ప్రోగ్రాం గంట ఆగి, మాట్లాడి, మళ్లీ గంట ఆగుతోంది. మాట్లాడటానికి, రెండుసార్లు గుర్తుచేయడానికి ఇరవై సెకన్లు. పన్నెండు సార్లకు నాలుగు నిమిషాలు. "ఇప్పటి నుంచి గంట" అనడం మాని "పోయినసారి పలకాల్సిన వేళ నుంచి గంట" అని లెక్క వేస్తే ఆ జరుగుడు పోయింది.

నాలుగు నిమిషాలకు చుక్కల మందుకు ఏమీ కాదు. కానీ చిన్న తప్పు కూడుతూ పోతే ఏమవుతుందో 1991 ఫిబ్రవరి 25న సౌదీ అరేబియాలోని ధహ్రాన్‌లో తెలిసింది. అక్కడి పేట్రియాట్ క్షిపణి వ్యవస్థ కాలాన్ని సెకనులో పదో వంతుల్లో లెక్కపెట్టేది. మనకు మూడో వంతు దశాంశాల్లో ఎలా తెగదో, పదో వంతు కంప్యూటర్ ద్విసంఖ్యల్లో అలా తెగదు. తోక కత్తిరించడం వల్ల ఒక్కో లెక్కలో సుమారు 0.000000095 సెకను తేడా. యంత్రం అప్పటికి దాదాపు వంద గంటలుగా నడుస్తోంది. వంద గంటల్లో 36 లక్షల పదో వంతులు. గుణించి చూడండి, 0.34 సెకను వస్తుంది. అంత తేడాలో, దూసుకొస్తున్న క్షిపణిని అది చూడాల్సిన చోట చూడలేదు. 28 మంది సైనికులు చనిపోయారు.

చీటీలు రద్దు చేయడం ఇంకో చిక్కు. ఒక్కోసారి బాబాయి కూతురు బడి నుంచి వచ్చి వేళకు ముందే చుక్క వేసేది. అప్పుడు రాబోయే పిలుపు ఆపాలి. హీప్‌లో పైన ఉన్నదాన్ని తీయడం తేలిక, మధ్యలో ఉన్నదాన్ని వెతకడం కష్టం. అసింకియో వెతకనే వెతకదు. చీటీ మీద "రద్దు" అని గుర్తు వేసి అక్కడే వదిలేస్తుంది. పైకి వచ్చినప్పుడు చూసి పారేస్తుంది. చీటీలు వంద దాటి, అందులో సగానికి మించి రద్దువే అయితే మాత్రం ఒకసారి మొత్తం ఊడ్చేస్తుంది. బద్ధకంలా కనిపిస్తుంది గానీ, నాకిది చాలా తెలివైన పని అనిపించింది.

పెద్ద సర్వర్లలో పెట్టే టైమర్లలో చాలావరకు మోగకుండానే రద్దవుతాయి. "ముప్పై సెకన్లలో జవాబు రాకపోతే" అని పెడతాం, జవాబు అర సెకనులోనే వస్తుంది. అందుకని పెట్టడం, తీసేయడం రెండూ ఒక్క అడుగులో జరగాలని ఐఐటీ బొంబాయిలో చదివిన జార్జ్ వర్గీస్, టోనీ లాక్ అనే ఆయనతో కలిసి 1987లో ఒక పద్ధతి ప్రచురించారు. దాని పేరు టైమింగ్ వీల్, కాలచక్రం అనుకోండి. గోడ గడియారమే దానికి ఉదాహరణ. సెకన్లకు 60 అరలు, నిమిషాలకు 60 అరలు, గంటలకు 24 అరలు. మొత్తం 144 అరలతో రోజులోని 86,400 సెకన్లలో దేనికైనా చోటుంటుంది. మూడు గంటల తర్వాతి చీటీని గంటల చక్రంలో మూడో అరలో పడేస్తాం. ఆ గంట వచ్చినప్పుడు దాన్ని నిమిషాల చక్రంలోకి, ఆ నిమిషం వచ్చినప్పుడు సెకన్ల చక్రంలోకి దించుతాం. ఎర్లాంగ్ రన్‌టైమ్, రస్ట్ భాషలోని టోకియో, లినక్స్ కెర్నల్ ఈ రకం చక్రాలు వాడతాయి. గో మాత్రం హీప్‌నే నమ్ముకుంది. కాకపోతే మొదట్లో అందరికీ ఒకే హీప్ ఉండేది, దాని దగ్గర తోపులాట ఎక్కువైంది. 1.10లో దాన్ని 64 వరకు ముక్కలు చేశారు, 1.14 నుంచి పని నడిపే ఒక్కో ప్రాసెసర్‌కు ఒక హీప్ ఇచ్చారు. ఖాతా అంతటికీ ఒకే పుస్తకం బదులు ఎవరి పుస్తకం వాళ్లకు ఇచ్చినట్టు.

ఇప్పుడు నన్ను నిజంగా భయపెట్టిన సంగతి. ఒక మధ్యాహ్నం అవ్వ మనుమరాలు దుమ్ము పడుతుందని లాప్‌టాప్ మూత మూసింది. రెండు గంటల తర్వాత తెరిచింది. ప్రోగ్రాం ఏమీ జరగనట్టే నడిచింది, కానీ అన్ని పిలుపులూ రెండు గంటలు వెనకబడ్డాయి. సాయంత్రం నేను చూసేదాకా నాకు తెలియదు. అవ్వకు మాత్రం తెలుసు. వీధి కుళాయికి రోజూ ఒకే వేళకు నీళ్లొస్తాయి. నీళ్లొచ్చాయి, సీసా పిలుపు రాలేదు. పక్కింటి అమ్మాయిని వేళ అడిగి, తనే చుక్క వేసుకుంది. "మీ డబ్బా పండుకున్నట్టున్నది" అంది నన్ను చూసి.

తప్పు ఎక్కడుందో వెతికితే తేలింది, కంప్యూటర్లో గడియారాలు రెండు రకాలు. ఒకటి గోడ గడియారం లాంటిది. తేదీ, గంట చెబుతుంది, కానీ ఎవరైనా దాన్ని ముందుకో వెనక్కో తిప్పొచ్చు. రెండోది మోనోటోనిక్ గడియారం. వేళ ఎంతో దానికి తెలియదు, ఎంతసేపైందో మాత్రమే తెలుసు, ఎప్పుడూ వెనక్కి పోదు. అసింకియో చీటీలు రాసేది రెండో దానితోనే, అందుకు మంచి కారణం ఉంది. 2012 జూన్ 30 అర్ధరాత్రి ప్రపంచ సమయానికి, అంటే మనకు జులై 1 ఉదయం 5:30కి, లోక గడియారాలకు ఒక సెకను అదనంగా కలిపారు. లినక్స్‌లో ఉన్న ఒక లోపం వల్ల గోడ గడియారానికీ లోపలి టైమర్ల లెక్కకూ ఒక సెకను తేడా మిగిలిపోయింది. సెకను లోపు ఆగాల్సిన టైమర్లు ఆగకుండా వెంటనే లేచి, మళ్లీ పడుకోబోయి, మళ్లీ లేచాయి. రెడిట్, మోజిల్లా లాంటి చోట్ల సర్వర్లు ఆ నిద్రలేమితోనే ఉక్కిరిబిక్కిరయ్యాయి.

కానీ లినక్స్‌లో ఆ మోనోటోనిక్ గడియారం కంప్యూటర్ మూత మూసి నిద్రపోయిన కాలాన్ని లెక్కలోకి తీసుకోదు (తీసుకునేది ఇంకొకటి వేరే ఉంది). నెట్‌వర్క్ జవాబు కోసం ఆగడానికి అది సరే. అవ్వ కంటికి సరిపోదు. లాప్‌టాప్ పడుకున్నా కన్ను గంటలు లెక్కపెడుతూనే ఉంటుంది. అందుకని పద్ధతి మార్చాను. ప్రోగ్రాం ఒక్క నిమిషమే ఆగుతుంది, లేచి గోడ గడియారం చూస్తుంది, వేళైన సీసా ఉంటే చెబుతుంది.

దీన్ని ఇంట్లో పరీక్షించాను, మంచిదైంది. మూడు గంటలు మూత మూసి తెరిస్తే "ఎర్ర సీసా, ఎర్ర సీసా, ఎర్ర సీసా" అని వరుసగా మూడుసార్లు పలికింది. తప్పిపోయిన మూడు వేళలనూ ఒకేసారి తీర్చేస్తోంది! అవ్వ విని మూడు చుక్కలు వేసుకునేది. తప్పిన వేళలను ఏం చేయాలన్నది రన్‌టైమ్ రాసేవాళ్లు కూడా తేల్చుకోవాల్సిన ప్రశ్నే. టోకియోలో దీనికి మూడు దారులున్నాయి: అన్నీ గబగబా మోగించడం, ఇప్పటి నుంచి కొత్తగా లెక్క మొదలుపెట్టడం, తప్పినవి వదిలేసి పాత వరుసలో తర్వాతి వేళను పట్టుకోవడం. ఏది మంచిదో ప్రోగ్రాంకు తెలియదు. డాక్టరును బాబాయి ఫోన్లో అడిగాడు. ఒకటి వేసి, అక్కడి నుంచి గంట లెక్కపెట్టుకోమన్నారు. అంటే ఇంతకుముందు నేను తప్పని మార్చేసిన "ఇప్పటి నుంచి గంట" పద్ధతి, మూత మూసిన రోజుకు సరైనదే. రెండూ ఉంచాను. అయిదు నిమిషాల లోపు ఆలస్యానికి పాత వేళ నుంచి లెక్క, అంతకు మించితే ఇప్పటి నుంచి.

అవ్వ మందులు సంక్రాంతికి ముందు అయిపోయాయి. లాప్‌టాప్ మా ఇంటికి వచ్చేసింది. మీ ఇంట్లో కంప్యూటర్ ఉంటే అసింకియోలో లక్ష టాస్కులు పుట్టించి, ఒక్కోదాన్ని పది సెకన్లు ఆగమనండి. అన్నీ ముగియడానికి పది సెకన్ల మీద ఎంత పడుతుందో రాసుకోండి. తర్వాత అందులో ఒక్క టాస్కులో మాత్రం పాత టైమ్.స్లీప్ పెట్టి, ఎంత తేడా వచ్చిందో చూడండి.